సూదంటురాయి, చౌటుప్పల్, ఒక చిన్న పాఠం

విజయవాడ హైవే మీద పండక్కి ఊరెళ్ళే మన ఐటీ జనాలకి పంతంగి, కొర్లపహాడ్ అన్న పేర్లు చెప్తే చాలు, నీరసం వచ్చేస్తుంది. రెండూ టోల్ గేట్లే. మొదటిది చౌటుప్పల్ దగ్గర, రెండోది నకిరేకల్ దాటాక కేతేపల్లి మండలంలో. మధ్యలో గంట ప్రయాణం. ఆ చౌటుప్పల్లోనే భూమి అయస్కాంత క్షేత్రాన్ని రాత్రీ పగలూ కొలిచే అబ్జర్వేటరీ ఒకటుందని మనలో ఎంతమందికి తెలుసు?

"స్వేచ్ఛగా వేలాడదీసిన అయస్కాంతము ఉత్తర దక్షిణ దిక్కులను సూచించును." చిన్న తరగతుల్లో మనందరం బట్టీ పట్టిన వాక్యమే. అక్కడ కొలుస్తున్నదీ, మనం బట్టీ పట్టిందీ ఒకటే విషయం. ఆ పాఠంలో ఉన్నవి మహా అయితే నాలుగు ముక్కలు. ఒక్కో ముక్క తేలడానికి వందల ఏళ్ళు పట్టింది. ఆ కథంతా కోసేసి జవాబు మాత్రం పిల్లల చేతిలో పెడుతున్నామన్నదే నా గొడవ.

మొదటి ముక్క: అయస్కాంతం ఇనుమును ఆకర్షిస్తుంది. దీన్ని మన భాష ఎప్పుడో చెప్పేసింది. సూది అంటుకునే రాయి, సూదంటురాయి. ఇంతకన్నా మంచి నిర్వచనం ఏ పుస్తకంలో ఉంది చెప్పండి! కణాదుడి వైశేషిక సూత్రాల్లో కూడా ఈ సూది ప్రస్తావన ఉంది. సూది అలా కదలడానికి కారణం "అదృష్టం" అన్నారు. అంటే లాటరీ కాదండోయ్, కంటికి కనపడనిది అని. కారణం తెలియనప్పుడు తెలియదని ఒక పేరు పెట్టి పక్కన పెట్టడం నిజాయితీయే. అన్ని వందల ఏళ్ళ తర్వాత మనం కూడా పిల్లలకి "అదంతే, రాసుకో" అంటే మాత్రం నిజాయితీ అనిపించుకోదు.

రెండో ముక్క: దిక్కు చూపడం. చైనాలో షెన్ కువో అనే పెద్దమనిషి 1088 ప్రాంతంలో రాసిన పుస్తకంలో, రాయికి రుద్దిన సూది దక్షిణం చూపిస్తుందని చెప్పి, కచ్చితంగా దక్షిణం కాదు, కాస్త తూర్పుకి జరుగుతుందని కూడా రాశాడు. 1269లో ఫ్రాన్సుకి చెందిన పీటర్ పెరిగ్రినస్ తన స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ధ్రువాల సంగతి, సజాతి ధ్రువాల వికర్షణ సంగతి, అయస్కాంతాన్ని విరగ్గొడితే రెండు అయస్కాంతాలు అవుతాయన్న సంగతి వివరించాడు. అప్పుడాయన ఒక కోట ముట్టడిలో ఉన్న సైన్యంతో ఉన్నాడు!

మూడో ముక్క: భూమే ఒక అయస్కాంతం. లండన్లో దిక్సూచులు చేసే రాబర్ట్ నార్మన్ ముందు సూదిని సమానంగా తూచి, తర్వాత దానికి రాయి రుద్దేవాడు. రుద్దాక ఎంత బాగా తూచిన సూదైనా ఉత్తరం కొస కిందకి వాలిపోయేది. కొస కత్తిరించి సరిచేసుకోవాల్సి వచ్చేది. ఈ చిరాకు మీదే ఆయన 1581లో పుస్తకం రాశాడు. 1600లో విలియం గిల్బర్ట్ సూదంటురాయిని బంతిలా చెక్కి, దాని మీద చిన్న సూదిని అక్కడక్కడా పెట్టి చూసి, భూమి కూడా ఇలాంటిదేనన్నాడు. బగ్ అనుకుని విసుక్కున్నదే చివరికి అసలు సంగతి అయింది.

ఇప్పుడు మన ఊళ్ళకొద్దాం. ఆ పాఠంలోని వాక్యం ప్రపంచమంతటా ఒకేలా నిజం కాదు. సియాటిల్లో సూది అసలు ఉత్తరానికి సుమారు 15 డిగ్రీలు తూర్పుకి తిరిగి ఉంటుంది. న్యూజెర్సీలో పన్నెండు, పదమూడు డిగ్రీలు పడమటికి. హైదరాబాదు, నల్లగొండ ప్రాంతంలో తేడా సుమారు ఒక్క డిగ్రీయే. అంటే పుస్తకం చెప్పిన మాట దాదాపు అక్షరాలా నిజమయ్యే చోట మనవాళ్ళున్నారు. కానీ సూది వాలడం మాత్రం ఇక్కడా ఉంది, ఇరవై డిగ్రీల పైనే. కేతేపల్లి పిల్ల ఎవరైనా కుట్టుసూదిని నడుమ దారం కట్టి సమానంగా వేలాడదీసి, తర్వాత అయస్కాంతంతో ఒకే వైపు రుద్ది మళ్ళీ వేలాడదీస్తే, నార్మన్ చూసిందే తనూ చూస్తుంది. పాఠంలో లేని ప్రశ్న అప్పుడు దానంతటదే పుడుతుంది: "ఎందుకు వంగింది సార్?"

నాలుగో ముక్క మన పాఠంలో లేనే లేదు. ఈ క్షేత్రం స్థిరంగా ఉండదు. రోజూ కొద్దికొద్దిగా మారుతుంది, సూర్యుడి నుంచి తుఫాను వస్తే ఊగిపోతుంది. 1840ల్లో ప్రపంచమంతటా దీన్ని కొలవాలన్న ఉద్యమం నడిచింది. 1841లో బొంబాయి కొలాబాలో కొలతలు మొదలయ్యాయి. 1859 సెప్టెంబరులో వచ్చిన పెద్ద తుఫానుకి అక్కడ క్షేత్రం సుమారు 1,600 నానోటెస్లా పడిపోయినట్టు లాగ్ ఉంది. ఆ పాత రీడింగుల మీద 2003లో కూడా పరిశోధన పత్రం వచ్చింది. నూట నలభై ఏళ్ళ తర్వాత కూడా పనికొచ్చే లాగ్ మనలో ఎవరు రాశాం?

తర్వాత బొంబాయికి ఎలక్ట్రిక్ ట్రాములు వస్తున్నాయన్నారు. కరెంటు పారితే కొలతలు చెడతాయి. అప్పటి డైరెక్టర్ నానాభాయ్ మూస్ అబ్జర్వేటరీని అలీబాగుకి మార్చాడు. 1904 నుంచి 1906 దాకా రెండు చోట్లా ఒకేసారి కొలిచి, రెండూ సరిపోల్చుకున్నాకే పాతది ఆపారు. మనం మైగ్రేషన్లో చేసే పారలల్ రన్ అన్నమాట! ట్రాములు 1907లో నడిచాయి.

హైదరాబాదుదీ అదే కథ. 1961లో ఏర్పడిన ఎన్జీఆర్ఐ 1964 నుంచి ఉప్పల్ రోడ్డులో ఈ కొలతలు తీస్తోంది. అప్పుడది ఊరి బయట. నగరం పెరిగి చుట్టూ ఇనుమూ కరెంటూ కమ్ముకున్నాయి. 2017లో ఏకంగా ఎన్జీఆర్ఐ పేరుతోనే మెట్రో స్టేషన్ వచ్చింది. చౌటుప్పల్లో నిశ్శబ్దమైన చోట కొత్త అబ్జర్వేటరీ 2012లోనే మొదలైంది.

ఇదంతా సైంటిస్టుల గొడవ, మనకెందుకు అంటారా? 1989 మార్చిలో ఇలాంటి తుఫానుకే కెనడాలోని క్విబెక్‌లో దాదాపు 60 లక్షల మందికి తొమ్మిది గంటలపాటు కరెంటు పోయింది. మీ ఫోన్లో దిక్కు చూపే బాణం వెనకున్న ప్రపంచ అయస్కాంత నమూనాని అయిదేళ్ళకోసారి మారుస్తారు. దానికి ఉపగ్రహాలతో పాటు ఇలాంటి నేల మీది కొలతలూ కావాలి.

నేను చదువుకున్న బడిలో అయస్కాంతం బీరువాలో ఉండేది, తాళంతో సహా. ఇన్స్పెక్షన్ రోజు బయటికొచ్చేది. ఇంటి ముందు ఇసుక కుప్పలో విరిగిన స్పీకరు అయస్కాంతం తిప్పి, దానికంటుకున్న నల్ల రజను గీక్కుంటూ నేర్చుకున్నదే అసలు సైన్సు పాఠం. తాళం వేసిన అయస్కాంతం పిల్లాడికి కణాదుడి "అదృష్టం" దగ్గరే ఆగిపోయేలా చేస్తుంది. ఇంట్లో చెప్పేవాళ్ళు లేని పిల్లలకి ఆ బీరువా మరీ పెద్ద గోడ.

అంచేత చెప్పొచ్చేదేమిటంటే, ఈసారి ఊరెళ్ళేటప్పుడు డబ్బాలో స్వీట్లతో పాటు నాలుగు అయస్కాంతాలు, ఒక సూదుల పొట్లం, ఒక దిక్సూచి పట్టుకెళ్ళండి. అంతా కలిపి ఒక సినిమా టికెట్ ఖర్చు. బళ్ళో సారుని అడిగి, పిల్లల చేతికివ్వండి. మీరు పాఠం చెప్పక్కర్లేదు. వీలైతే చౌటుప్పల్ వాళ్ళని అడిగి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళండి. బస్సు మాత్రం దూరంగా ఆపాలి. ఎందుకని పిల్లలడిగితే, పాఠం మొదలైనట్టే.