మూడుసార్లు కట్టిన పాతాళం

సామ్రాజ్యానికి గిట్టనివాళ్లను అక్కడ ఉరితీయరు. మాయద్వారంలోంచి భూమి అడుగుకు నెట్టేస్తారు. పోవడమే గానీ రావడం లేదు. కింద ఎండ పడదు. గుహ గోడల మీద మెరిసే శిలీంధ్రాల వెలుగులో పుట్టగొడుగులు పండించుకుంటూ, పెద్ద పెద్ద బల్లులను పశువుల్లా మేపుకుంటూ ఆ బహిష్కృతులే ఒక రాజ్యం నిలబెట్టుకున్నారు. 1995లో వచ్చిన ‘ఎగ్జైల్: ఎస్కేప్ ఫ్రమ్ ది పిట్’ అనే రోల్ ప్లేయింగ్ గేమ్‌లోని లోకమిది. దీని సృష్టికర్త జెఫ్ వోగెల్. అమెరికాలోని సియాటెల్‌లో గణితం పీజీ చదువుతూ దీన్ని తయారుచేశారు. 1994లో స్పైడర్‌వెబ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ పెట్టారు.

అది షేర్‌వేర్ కాలం. ఆట మొదటి భాగం ఉచితం. నచ్చితే డబ్బు కట్టి, కోడ్ తెప్పించుకుని మిగతాది తెరుచుకోవాలి. బొమ్మలు ఆ రోజులకే సాదాసీదావి. అయినా జనం అతుక్కుపోయారంటే కారణం ఆ ఆట ఇచ్చిన స్వేచ్ఛే. పైకి దారి కనిపెట్టడం, గ్రా-హోత్ అనే రాక్షసరాజును చంపడం, తమను తోసేసిన చక్రవర్తి హాథార్న్‌ను మట్టుబెట్టడం: మూడు లక్ష్యాలుంటాయి. ఏది ముందో, ఏది వద్దో ఆటగాడి ఇష్టం.

2000లో వోగెల్ ఇదే కథను ‘అవెర్నమ్’ పేరుతో మళ్లీ కట్టారు. నెత్తిమీద నుంచి చూసినట్టుండే పటం ఏటవాలుగా మారింది. ఆరుగురి జట్టు నలుగురికి తగ్గింది. ఎగ్జైల్‌లో ఎవరినైనా ఏదైనా అడగాలంటే ఆ మాట టైప్ చేయాలి. ఏ మాట అడగాలో ఎదుటివాడి జవాబుల్లోంచే ఏరుకోవాలి. అవెర్నమ్‌లో తెరమీద కనిపించే వాక్యాల్లో ఒకటి ఎంచుకుంటే సరిపోతుంది. కొత్తవాళ్లకు ఇది తేలిక. నాకు మాత్రం ఆ వెతుకులాటలోనే అపరిచిత లోకంలో పడ్డ భావన ఎక్కువ.

ఇలా పాత గేమ్‌ను మళ్లీ కట్టే రీమాస్టర్ అంటే, 2010లో మాయాబజార్ సినిమాకు రంగులద్దినట్టు పాతదానికి మెరుగులు పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. రంగులు వేయకపోయినా మాయాబజార్ ఆడుతుంది. గేమ్ అలా కాదు. యంత్రం మారితే ఆగిపోతుంది. మ్యాక్ కంప్యూటర్లు 2006లో ఇంటెల్ ప్రాసెసర్లకు మారాక వాటిలో పాత మ్యాక్ ప్రోగ్రాములను నడిపించే క్లాసిక్ మోడ్ లేదు, దానితో పాటే ఎగ్జైల్ తరం ప్రోగ్రాములూ పోయాయి. 2011లో లయన్ అనే మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చి, పాత పవర్‌పీసీ ప్రాసెసర్ల ప్రోగ్రాములను నడిపించే రోసెట్టానూ తీసేసింది. దాంతో 2000 నాటి అవెర్నమ్‌కూ అదే గతి పట్టింది. అదే ఏడాది చివర్లో మూడో రూపం ‘అవెర్నమ్: ఎస్కేప్ ఫ్రమ్ ది పిట్’ మ్యాక్ మీదికి వచ్చింది. మరుసటి ఏడు విండోస్‌కూ, ఐప్యాడ్‌కూ చేరింది.

ఈసారి పెద్ద తెర, పనుల చిట్టా, కొత్త నైపుణ్యాలు, కొన్ని కొత్త చోట్లు చేరాయి. గుహలు, ఊళ్లు, ఆ మూడు లక్ష్యాలు చెక్కుచెదరలేదు. ఆ నిగ్రహం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. పదహారేళ్ల అనుభవం వచ్చాక కుర్రతనంలో రాసిన కథను తిరగరాయాలనిపించడం సహజం. వోగెల్ దాని జోలికి పెద్దగా పోలేదు.

అవెర్నమ్ వరసలో రెండో గేమ్ 2015లో, మూడోది 2018లో ఇలాగే కొత్త రూపం తొడుక్కున్నాయి. తర్వాత వంతు వోగెల్ మరో గేమ్, 2001 నాటి ‘జీన్‌ఫోర్జ్’ది. అది 2021లో ‘మ్యూటజెన్’గా తిరిగొచ్చింది. జీన్‌ఫోర్జ్ వరసలో రెండో గేమ్ కూడా 2024లో కొత్త రూపంలో వచ్చింది.