ఉయ్యాల, క్వినైన్, నీలివెలుగు

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంపిణీ మీద తిరగబడ్డాడు. ఆ కాలం గురించి చదువుతుంటే ఇంకో సంగతి తగిలింది. అంతకు ముందేడు, 1845లో, జాన్ హెర్షెల్ దొర క్వినైన్ ద్రావణాన్ని ఎండలో చూస్తే పైపొర నీలంగా మెరిసిందట. (చలిజ్వరానికి వాడే ఆ చేదుమందు అప్పట్లో దక్షిణ అమెరికా చెట్ల బెరడు నుంచి రావాలి. ఉయ్యాలవాడ రైతుకు జ్వరమొస్తే కషాయమే గతి కాబోలు!)

ఆ నీలం గుట్టు విప్పినవాడు స్టోక్స్, 1852లో. ఎండను పట్టకంతో రంగులుగా విడదీసి, క్వినైన్ గొట్టాన్ని ఊదారంగు దాటించి, కంటికేమీ కనిపించని చీకట్లో పెట్టాడు. అక్కడా వెలిగింది!

ఊపిన ఉయ్యాల పైనే ఉండిపోదు కదండీ. కనబడని అతినీలలోహిత కాంతి తగిలి పైకి లేచిన అణువూ అంతే. కాస్త శక్తిని చుట్టూ ఉన్న నీటికి వేడిగా వదిలేస్తుంది. మిగిలినదాన్ని, సెకనులో సుమారు అయిదు కోట్లో వంతు కాలంలో, నీలికాంతిగా ఇచ్చేస్తుంది. పుచ్చుకున్నదానికంటే ఇచ్చేది ఎప్పుడూ తక్కువే.

నోట్లు పరీక్షించే దీపం కింద టానిక్ వాటర్ పెట్టి చూడండి, తెలుస్తుంది. అందులో చిటికెడు ఉప్పు వేస్తే వెలుగు మందగిస్తుంది. ఉప్పులోని క్లోరైడు తగిలిన అణువు వెలగకుండానే ఆ శక్తినంతా వేడిగా పోగొట్టుకుంటుంది.