బర్గండీ వాలు: చేనిపేరే మధువుపేరు

మధువునకు అది పుట్టిన దేశముపేరు పెట్టుట మన పూర్వులకు క్రొత్త కాదు. ద్రాక్షారసముతో చేసిన మధువునకు కాపిశాయనము, హారహూరకము అను పేర్లు దేశమునుబట్టి వచ్చినవని కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెప్పెను. కాపిశాయన శబ్దమును సాధించుటకై పాణిని వేరుగా నొక సూత్రమునే చేసెను. ఆ కాపిశి కాబూలునకు ఉత్తరమున నుండెడిది. పాఠము చెప్పిన దినములలో ఈ సూత్రమువద్ద నేను కొంచెము నిలిచెడివాడను. మద్యము నా నోట పడలేదు, పడవలెనను కోరికయు లేదు. కాని నేలపేరు రసమునకు ఎట్లంటుకొనునను ప్రశ్న నన్ను విడువలేదు. దానికి సమాధానము వెదకువారు ఫ్రాన్సుదేశపు బర్గండీని చూడవలెను.

దిజోన్ నగరమునుండి దక్షిణముగా, బోన్ పట్టణము దాటి, సుమారు 50 కిలోమీటర్లు ఒక కొండవాలు సాగును. దానిని కోత్ దోర్ అందురు. వాలు తూర్పుమొగమై యుండును. శ్రోతలు దాని యడుగున పోవు పెద్దబాటపై నిలుచున్నట్లు భావింపుడు. వెనుక తూర్పున చదునునేల. అచ్చట మన్ను లోతు, తేమ యెక్కువ, కాపు విస్తారము, రసము సామాన్యము. ఎదుట కొండనెత్తిన మన్ను పలుచన, చలి మెండు. నడుమనున్న వాలులో సున్నపురాతితో కలిసిన బంకమన్ను గలదు. నీరు నిలువదు, ఉదయపుటెండ చక్కగా సోకును. పేరుగాంచిన తోటలు ప్రాయికముగా ఈ నడిమిపట్టెలోనివే.

ఇచ్చటి చేలకు వేరువేరుగా పేర్లు గలవు. వానిని క్లిమాలందురు. అట్టివి 1,247 గల యీ ప్రాంతమును 2015లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వముగా గుర్తించిరి. రొమానే యను తోట సుమారు రెండెకరములు మాత్రమే! ఊరిపేరు చేనికి వచ్చుట మనమెరుగుదుము. ఇచ్చట తారుమారు: జెవ్రే అను గ్రామము 1847లో తన పొలములోని షాంబెర్తాన్ అను చేనిపేరును తన పేరునకు తగిలించుకొనెను.

ఈ భేదములను కనిపెట్టినవారిలో సన్యాసులు ముఖ్యులు. 1098లో వెలసిన సీతో మఠమువారు వూజో గ్రామమున నేల సంపాదించి, తీగలు నాటి, క్రమముగా సుమారు 125 ఎకరములకు రాతిగోడ కట్టిరి. తరువాత 1395లో బర్గండీ ప్రభువగు ఫిలిప్, విస్తారముగా కాచు గమే తీగను పెరికివేయుడని శాసించి, పినో తీగను ఆదరించెను. ప్రభువునకు కీర్తి కావలెను, పేదరైతునకు కాపు కావలెను. ఆ శాసనమును పొగడువారు ఈ రెండవమాట మరచుచుందురు.

ఫ్రెంచి విప్లవములో మఠపు భూములు జప్తయి అమ్ముడుపోయెను. 1889 వరకు వూజో తోట ఒక్కచేతిలోనే యుండి, పిదప ముక్కలయ్యెను. నేడు దానికి సుమారు ఎనుబదిమంది యజమానులు. గోడలోపల ఎగువనేల వేరు, బాటవద్దనున్న దిగువనేల వేరు. అయినను చట్టము రెంటికిని ఒకే పేరు, ఒకే అంతస్తు నిచ్చినది. మన్ను గీచిన హద్దు కాదిది, సన్యాసులు కట్టిన గోడ. కావున పేరులో నేల యెంతయో చరిత్రయు అంతయే యున్నదని నా యభిప్రాయము.

చూడబోవువారికి నేలమాళిగలే పాఠశాలలు. ఒకే రైతునకు నాలుగైదు చేలలో చిన్నచిన్న పట్టెలుండును. ఒకే తీగ, ఒకే చేయి, ఒకే సంవత్సరము. దారికి ఇవతలి చేనిరసము ఒక పీపాలో, అవతలిది మరొక పీపాలో నుండును. రెంటిని వరుసగా రుచిచూచిననే భేదము నేలదని తెలియును. పరీక్షించువారు పుక్కిలించి ఉమియుదురట. నావంటివానికి అది కొంత ఊరట!

1878లో వేరుపురుగు ఈ వాలునకు వచ్చెను. దాని ధాటికి నిలువగల అమెరికా వేళ్లపై పాత తీగలను అంటుకట్టవలసివచ్చెను. రొమానే కోంతి తోటవారు మాత్రము స్వదేశపు వేళ్లను మొండిగా కాపాడిరి. 1945లో వారును పెరికివేసిరి. ఆరేండ్లు ఆ తోటనుండి మధువు రాలేదు. 1952 పంటతో అంటుతీగల మధువు వచ్చినది. సీసాపై పేరు మాత్రము పాతదే.