ద్వారకకు పోని ఘటోత్కచుడు

వ్యాసుడి భారతంలో బలరాముడికి శశిరేఖ అనే కూతురు లేదు. అభిమన్యుడు పెళ్లాడింది విరాటరాజు కూతురు ఉత్తరను. ఘటోత్కచుడు ద్వారకకు వెళ్లిందీ లేదు, పెళ్లికూతురి వేషం వేసిందీ లేదు, దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడి కాలు తొక్కిందీ లేదు. అయినా కనిగిరి బస్టాండు దగ్గర టీ తాగుతున్న నలుగురిని కదిలించి, ఘటోత్కచుడు ఏం చేశాడని అడగండి. పెళ్లి వంటలన్నీ ఊడ్చి పెట్టాడనే చెబుతారు. కర్ణుడి చేతిలో పోయాడన్న సంగతి ఎవరికైనా గుర్తొచ్చినా, అది రెండో మాటగానే వస్తుంది.

మాయాబజార్ సినిమా ఈమధ్య మళ్లీ చూశాను. కథ కంఠతా వచ్చు కాబట్టి మనసు వేరే దారి పట్టింది. అసలు మూలంలో లేని ఈ కథను ఎవరు కల్పించారు, ఎందుకు కల్పించారు? మహా మహా వీరులంతా ఉండగా హిడింబి కొడుకు చేతికే పెత్తనం ఎందుకిచ్చారు?

మూలంలో అతని వాటా చిన్నది. పాండవులు లక్కయింటి నుంచి తప్పించుకుని అడవిలో తిరుగుతున్నప్పుడు భీముడికీ హిడింబికీ పుట్టాడు. పుట్టగానే పెద్దవాడై, తలుచుకుంటే వస్తానని మాటిచ్చి తల్లితో వెళ్లిపోయాడు. అరణ్యవాసంలో ద్రౌపది నడవలేక సొమ్మసిల్లితే భీముడు తలుచుకున్నాడు, ఇతను వచ్చాడు, తన రాక్షస పరివారంతో కలిసి అందరినీ బదరికి మోసుకుపోయాడు. మళ్లీ కురుక్షేత్రంలోనే అతనికి పెద్ద పని. పద్నాలుగో రోజు చీకటి పడ్డాక కూడా యుద్ధం ఆగలేదు. రాత్రి రాక్షసుడికి బలం. కౌరవసేన చెదిరిపోతుంటే, ఇంద్రుడిచ్చిన శక్తిని కర్ణుడు వాడక తప్పలేదు. ఒక్కసారికే పనికొచ్చే ఆయుధం అది, అర్జునుడి కోసం దాచుకున్నది. ఘటోత్కచుడు పడిపోతూ కూడా ఒళ్లు పెంచి ఒక అక్షౌహిణి సేన మీద పడ్డాడు.

పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు ఆనందంతో చిందులేశాడు. అర్జునుడు బతికాడని ఆయన లెక్క. ఈ ద్రోణపర్వాన్ని తెలుగు చేసింది తిక్కన, నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. మా కనిగిరి కూడా 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోదే. అందుకని తిక్కన మాకు జిల్లా మనిషి అనుకోవడం మావాళ్లకు అలవాటు.

ఘటోత్కచుడు పడడానికి ముందురోజు, పదమూడో నాడు, పద్మవ్యూహంలో అభిమన్యుడు పోయాడు. ఆ మర్నాటి రాత్రే ఘటోత్కచుడు. అన్నదమ్ముల బిడ్డలిద్దరూ ఒకరి వెనక ఒకరు. శశిరేఖా పరిణయం అనే ఈ మాయాబజార్ కథ ఏరికోరి పట్టుకున్నది సరిగ్గా ఈ ఇద్దరినే. చావులో తప్ప దగ్గరపడని ఆ పిల్లల్ని బతికుండగా కలిపింది, ఒకడికి పెళ్లి చేసింది, రెండోవాణ్ణి పెళ్లి పెద్దను చేసింది. కథకుడు ఇది కావాలనే చేశాడని రుజువేమీ చూపించలేను. కానీ భారతం చివరిదాకా విన్న జనం ఊరికే ఈ ఇద్దరినీ జత కట్టారంటే నేను నమ్మను. అన్నిటికంటే నన్ను పట్టి లాగింది కృష్ణుడి పాత్ర. ద్రోణపర్వంలో ఘటోత్కచుడి చావును లెక్కలో వేసుకున్న ఆ కృష్ణుడే ఇక్కడ ఇతని మాయను నమ్ముకుని పెళ్లి జరిపిస్తాడు. జనం కృష్ణుడి చేత బాకీ తీర్పించుకున్నారు.

ఈ కథ తెలుగువాళ్లది మాత్రమే కాదు. తమిళంలో, మరాఠీలో బలరాముడి కూతురు వత్సల, సురేఖ లాంటి పేర్లతో తిరుగుతుంది. మూకీల కాలంలోనే బాబూరావ్ పెయింటర్ సురేఖా హరణ్ తీశాడు. కానీ దీన్ని పట్టుకుని వదలనిది మనవాళ్లే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజాలకు మాయాబజార్ తరతరాలుగా అన్నం పెట్టిన నాటకం. రంగస్థలం మీద మాయలు చూపించాలంటే మాయావి కావాలి. అర్జునుడు బాణం వేస్తే వేశాడు, జనం ఎన్నిసార్లు చూస్తారు? ఘటోత్కచుడు వస్తే మంటలు లేస్తాయి, మనుషులు మాయమవుతారు, వస్తువులు గాల్లో తేలతాయి. తెర వెనక తాళ్లు లాగేవాడి నైపుణ్యమంతా ఈ ఒక్క పాత్ర మీద ఖర్చయింది. పక్కపాత్ర నడిమధ్యకు రావడానికి ఇదొక లౌకిక కారణం, సాహిత్య విమర్శకులు సాధారణంగా చెప్పనిది.

టాకీ వచ్చిన కొత్తలో, 1936లో, పి.వి.దాస్ ఈ కథను తెలుగులో తీశాడు. తర్వాత 1957 మార్చి 27న విజయావారి మాయాబజార్. కె.వి.రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత, మార్కస్ బార్‌ట్లీ కెమెరా, గోఖలే, కళాధర్ కళ. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. ఇదే జంట పదేళ్ల ముందు, 1947 జూలైలో, చందమామ పిల్లల పత్రికను మొదలుపెట్టింది. తెనాలి నుంచి వెళ్లిన చక్రపాణికి పిల్లలు ఏ రాక్షసుణ్ణి చూసి జడుసుకుంటారో, ఏ రాక్షసుణ్ణి చూసి నవ్వుతారో బాగా తెలుసు. మాయాబజార్ ఘటోత్కచుడు నాకు ఎప్పుడూ చందమామ బొమ్మ లేచి నడిచినట్టే ఉంటాడు.

ఇక్కడ కాస్త పక్కదారి. అమెరికాలో డీసీ, మార్వెల్ అని రెండు బొమ్మల పుస్తకాల కంపెనీలున్నాయి. ఒకరి దగ్గర సూపర్‌మాన్, బ్యాట్‌మాన్ ఉన్న జస్టిస్ లీగ్, రెండోవారి దగ్గర కెప్టెన్ అమెరికా, థోర్ ఉన్న అవెంజర్స్. ఈ రెండు జట్లనూ ఒకే కథలో కలపాలని అనుకున్నారు. జార్జ్ పెరెజ్ అనే చిత్రకారుడు ఇరవై పైచిలుకు పుటలు గీశాక రెండు సంపాదక వర్గాలకూ కథ మీద పొసగలేదు, 1983లో అటకెక్కింది. మళ్లీ 2003లో కర్ట్ బ్యూసిక్ రాతతో, అదే పెరెజ్ గీతతో నాలుగు సంచికలుగా వచ్చింది. ఆ పుస్తకం నాకు ఇష్టం. వీరులు ఎదురుపడగానే ముందు అపార్థంతో కొట్టుకుంటారు, తర్వాత చేతులు కలుపుతారు. అమెరికా కామిక్స్‌లో ఇలాంటి కలయికల్లో చాలావాటికి ఇదే పద్ధతి.

మాయాబజార్‌లో జరిగిందీ అంతే. సుభద్రను తీసుకుని అభిమన్యుడు అడవి దారిన వస్తుంటే ఘటోత్కచుడు అడ్డం పడతాడు. ఎవరు ఎవరో తెలియక తలపడతారు. తమ్ముడని తెలిశాక గుండెకు హత్తుకుంటాడు. ఇటు ద్వారక, అటు హిడింబి వనం, రెండు లోకాలు అక్కడ అతుక్కుంటాయి. తేడా ఒక్కటే. అమెరికాలో పాత్రలకు యజమానులున్నారు, వాళ్లు ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఇక్కడ ఘటోత్కచుణ్ణి ద్వారకకు తీసుకుపోవడానికి ఎవరూ ఎవరినీ అడగలేదు.

అవెంజర్స్‌కు జార్విస్ అని ఇల్లు చూసుకునే మనిషి ఒకడుంటాడు. ఎన్ని లోకాలు కూలుతున్నా టీ అందిస్తూ ఉంటాడు, పాఠకులకు మహా ఇష్టం. కానీ అతను జార్విస్‌గానే ఉండిపోతాడు. మనవాళ్లు అంతటితో ఆగలేదు. మాయాబజార్ మొత్తం మీద పాండవులు ఒక్కరూ కనపడరు! ధర్మరాజు లేడు, భీముడు లేడు, గాండీవం లేదు. జూదంలో ఓడిపోయారన్న కబురు మాత్రం వస్తుంది. అసలు నాయకులను కథలోంచే పంపించేసి, వాళ్ల జాగా పక్కపాత్రకు రాసిచ్చిన ధైర్యం మామూలుది కాదు. ఎన్టీఆర్ కృష్ణుడు, అక్కినేని అభిమన్యుడు ఉన్న సినిమాలో ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు రెండో సగం అంతా తానై నడిపించాడు. ఆ పెళ్లి విందు పాటకు మాధవపెద్ది సత్యం గొంతు, రంగారావు ఒళ్లు. లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి పోతుంటే మా ఊరి టెంటు హాల్లో నేల టిక్కెట్టు జనం లేచి నిలబడేవాళ్లని పెద్దవాళ్లు చెప్పేవారు.

ఆ సినిమాకు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రవాడు సింగీతం శ్రీనివాసరావు. పుట్టింది ఉదయగిరిలో, అంటే పామూరు మీదుగా పోతే మాకు పొరుగే. పుష్పక విమానం, ఆదిత్య 369, భైరవద్వీపం తీసి, డెబ్భై దాటాక 2008లో ఆయన ఘటోత్కచ్ అని యానిమేషన్ చిత్రం తీశాడు. అందులో అతను చిన్నపిల్లవాడు, నిండా అల్లరివాడు. యాభై ఏళ్ల కిందట గురువు దగ్గర చూసిన పాత్రను వదిలిపెట్టలేకపోయాడు కాబోలు. మధ్యలో 1995లో ఎస్.వి.కృష్ణారెడ్డి కైకాల సత్యనారాయణకు ఈ వేషమిచ్చి ఏకంగా మన కాలానికి దింపాడు, ఒక చిన్నపిల్లకు అండగా. తెలుగువాడికి ఆపద్బాంధవుడు కావాలంటే అర్జునుడు గుర్తు రాడు, చూశారా.

2010లో మాయాబజార్‌కు రంగులద్దారు. నాకు నలుపు తెలుపుల్లోనే ఇష్టం, బార్‌ట్లీ వెన్నెల అందులోనే ఉంది. మా ఇంట్లో పిల్లలు మాత్రం రంగుల్లోనే చూశారు. లడ్డూలకు నవ్వారు, అయితే పొట్ట పట్టుకుని నవ్వింది మాత్రం సావిత్రికి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె భుజాలు ఎగరేస్తుంది, నడుస్తూ నడుస్తూ రంగారావు అడుగులు వేసేస్తుంది, పీటల మీద పెళ్లికొడుకు కాలు తొక్కి అమాయకంగా చూస్తుంది. ఆ ఘట్టంలో రంగారావు తెర మీద ఉండేది కాసేపే. మా చిన్నది మాత్రం ఆ సీనంతా ఘటోత్కచుడు ఉన్నాడనే వాదిస్తుంది.