ఈ ఇల్లు అమ్మబడును

పోయిన వేసవిలో కర్లపాలెంలోని మా పెంకుటింటి గేటుకి ఒక బోర్డు కట్టాను. ఏం రాయాలని ఫ్లెక్సీ షాపు కుర్రాడు నన్ను అడగనే లేదు. 'ఈ ఇల్లు అమ్మబడును' అని పెద్దక్షరాలు, కింద నా ఫోన్ నంబరు. అమ్మ అరుగు మీద కూర్చుని దాన్ని ఒకటికి రెండుసార్లు చదివింది. "టముకేయించడం ఒక్కటే తక్కువ. అదీ కానివ్వు" అని లోపలికి వెళ్ళిపోయింది.

నిజానికి ఇల్లు అమ్మేద్దామన్నది అమ్మే. నాన్న పోయాక ఒంటరిగా ఉండలేక, నా దగ్గరికి హైదరాబాదు రావడానికి ఒప్పుకుంది. అమ్మకం మీద లేని కోపం బోర్డు మీద ఎందుకొచ్చిందా అని ఆ 'టముకు' మాట పట్టుకుని వెతుక్కుంటూ పోయాను. ఆ ఎత్తిపొడుపు వెనక ఒక చట్టం ఉంది.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 21వ ఆర్డరు అప్పులు వసూలు చేసే పద్ధతి చెప్తుంది. స్థిరాస్తి జప్తు చేస్తే ఆ సంగతి ఆస్తి దగ్గరే డప్పు కొట్టించి గానీ, ఆ చోటి అలవాటు ప్రకారం మరో విధంగా గానీ చాటించాలి. ఆ ఉత్తర్వు నకలు అందరికీ కనబడేట్టు ఆస్తి మీదే అంటించాలి. వేలానికీ దాదాపు ఇదే తంతు. అంటే మా అమ్మమ్మ కాలంలో ఒక ఆస్తి అమ్మకానికి వచ్చిందని ఊరంతా బాహాటంగా వినే సందర్భం ముఖ్యంగా ఒకటే: యజమాని అప్పుల్లో మునిగినప్పుడు. గోడ మీద కాయితం కనబడితే జనం ధర అడగరు, "అయ్యో" అంటారు.

రైతు కాపురముండే ఇంటికి అదే చట్టం 60వ సెక్షన్‌లో కొంత రక్షణ ఇచ్చింది, మామూలు బాకీకి దాన్ని జప్తు చెయ్యకూడదని. కానీ చేతులారా తాకట్టు పెట్టిన ఇంటికి ఆ రక్షణ దొరకదు. 1930ల ఆర్థిక మాంద్యంలో పంట ధరలు పడిపోయి, బాకీలు మాత్రం తగ్గక రైతులు నలిగిపోయారు. చివరికి 1938లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు రాష్ట్రంలో రైతు రుణ విమోచన చట్టం తేవాల్సొచ్చింది. టముకు అంటే పరువు పోవడం అన్న అర్థం అలాంటి రోజుల్లోనే మనుషుల్లోకి ఇంకి ఉంటుంది.

అందుకే ఇష్టపడి అమ్ముకునేవాళ్ళు గుట్టుగా అమ్ముకునేవారు. ముందు పాలివాళ్ళకి ఒక మాట, తర్వాత హద్దుల్లో ఉన్నవాళ్ళకి, వాళ్ళు కాదంటే నమ్మకమైన మధ్యవర్తికి. "ఫలానా వాళ్ళది ఉందంట" అనే గుసగుసే ప్రకటన.

తాతయ్య ఈ ఇల్లు కొన్న దస్తావేజు మా బీరువాలో ఉంది. అమ్మినాయన 'నా కుటుంబ అవసరముల నిమిత్తము' అమ్ముతున్నట్టు మొదట్లోనే రాసిచ్చాడు. నేనది మర్యాద కోసం రాసిన మాట అనుకున్నాను. దానికీ ఒక లెక్కుంది. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిని పెద్ద ఇష్టమొచ్చినట్టు అమ్మడానికి లేదు, తగిన అవసరం ఉండాలి. 1856లో ప్రీవీ కౌన్సిల్ హనుమాన్ ప్రసాద్ కేసులో ఇచ్చిన తీర్పు దగ్గర్నుంచి, ఆ అవసరం నిజమేనా అని విచారించుకోవడం ఎదుటివాడి బాధ్యత కూడా అయింది. రేపు కొడుకులు కోర్టుకెక్కకుండా కొన్నవాళ్ళు ఆ వాక్యం పట్టుబట్టి రాయించుకునేవారు. అంటే అమ్మేవాడు తన ఇబ్బందిని కాయితం మీద ఒప్పుకోవాలి. ఇక ఆ ఇబ్బందిని బోర్డు మీద కూడా పెడతాడా?

అయితే ఈ సిగ్గు అందరి ఇళ్ళదీ కాదు. వేలానికి డప్పు కొట్టే మనిషికి తన పేరు మీద అమ్ముకోవడానికి పట్టా ఉండేది అరుదు. తర్వాత ప్రభుత్వం పేదలకి ఇళ్ళ స్థలాలిచ్చింది గానీ, 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం వాటిని అమ్మడాన్ని నిషేధించింది. సడలింపులు ఈమధ్య వచ్చినవే. ఇల్లమ్మితే పరువు పోతుందనుకోవడానికైనా ముందు అమ్మగలిగే ఇల్లుండాలి.

గుసగుసని మార్చినవాటిలో పేపర్లు ముఖ్యమైనవి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక చిన్న ఊళ్ళ ప్రకటనలకీ పేపర్లో చోటు దొరికింది. ఇళ్ళ స్థలాల వెంచర్లొచ్చాయి. 'తూర్పు ఫేసింగ్', 'వాస్తు ప్రకారం' లాంటి మాటలు వచ్చాయి. దస్తావేజు ఇంటిని చుట్టూ ఉన్న మనుషులతో గుర్తుపడుతుంది: తూర్పున ఎవరిల్లు, పడమర ఎవరి దొడ్డి, దక్షిణాన ఏ బజారు. ప్రకటన మాత్రం రేపటితో గుర్తుపడుతుంది: రాబోయే రోడ్డు, పెరగబోయే రేటు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా అయ్యాక మా మధ్యవర్తి నోట కూడా అదే మాట. "జిల్లా కేంద్రం పక్కనే అని రాయండి సార్, పెంకులు చూసి ఎవరూ రారు."

నేనూ రాశాను. ఫోన్లో రెండు నిమిషాల వీడియో తీశాను. టేకు దూలాలు, మామిడిచెట్టు, పొద్దుటి ఎండలో అరుగు. బావి మాత్రం రాకుండా చూసుకున్నాను. సముద్రం దగ్గరి ఊళ్ళు మావి. మా బావి నీళ్ళు కొన్నేళ్ళుగా ఉప్పగా ఉంటున్నాయి. కొత్త ప్రాజెక్టుల ప్రకటనల్లో అబద్ధాలాడితే 2016 నాటి రెరా చట్టం బిల్డరు చేత నష్టపరిహారం కట్టిస్తుంది. మా పాత ఇల్లు దాని కిందకి రాదులే అని ధైర్యం. కానీ అంతకంటే చాలా పాతది, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిస్తే, చెప్పి తీరాలంటుంది దాని 55వ సెక్షన్. నీళ్ళు ఒక గుక్క తాగితే తెలుస్తాయి కదా, అడిగితే చెబుదాం అని నాకు నేను వకాల్తా పుచ్చుకున్నాను.

వీడియో చూసి చీరాల నుంచి భార్యాభర్తలు వచ్చారు. దూలాలు చూశారు, గజాలు లెక్కేసుకున్నారు. అమ్మ రెండు గ్లాసులతో నీళ్ళు తెచ్చింది. ఆయన ఒక గుక్క తాగి ఆగిపోయాడు.

"ఉప్పే నాయనా," అంది అమ్మ. "తాగడానికి క్యాన్లు తెప్పించుకుంటాం. వాడకానికి ఇవే."

నేను నేల చూపులు చూస్తున్నాను. ఆయన రెండు లక్షలు తగ్గించమన్నాడు. లక్షన్నర దగ్గర తెగింది. ఆ సాయంత్రం బోర్డు విప్పేస్తుంటే గానీ 'అమ్మబడును' అన్న మాటలో ఉన్న సుఖం నాకు తట్టలేదు. అందులో అమ్మేవాడు కనబడడు. ఇల్లు దానంతటదే అమ్ముడుపోతున్నట్టు ఉంటుంది.

దస్తావేజు రాయించే రోజు లేఖరి తలెత్తకుండానే 'కుటుంబ అవసరముల నిమిత్తము' రాసుకుంటూ పోయాడు. అమ్మ వినీ వినీ, "నీళ్ళ సంగతి కూడా రాయండి" అంది.

"అవన్నీ ఎవరూ రాయరమ్మా."

"మేం రాస్తాం."

ఆయన నావైపు చూశాడు. రాయమన్నాను. నాలుగు హద్దుల కింద ఒక వాక్యం చేరింది: ఇంటి బావి నీరు ఉప్పు అని కొనువారికి ముందుగా తెలియజేసితిమి.