కొత్త దళిత నాటకాన్ని ఎవరి చేతిలో పెట్టాలి? కరీంనగర్, ఆదిలాబాద్ కార్యకర్తలకు ఒక కరదీపిక

ఏప్రిల్ దగ్గరపడిందంటే పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోని సంఘాల్లో, హాస్టళ్లలో, కాలేజీల్లో ఒకే ప్రశ్న వినబడుతుంది: జయంతికి వేయడానికి మంచి నాటకం ఏదైనా ఉందా? 5న జగ్జీవన్ రామ్, 11న ఫూలే, 14న అంబేడ్కర్ జయంతులు వరుసగా వస్తాయి. ఎవరో ఒక పేరు చెబుతారు. పుస్తకం దొరకదు. దొరికితే పాత్రలు ఎక్కువవుతాయి, లేదా రిహార్సల్స్‌కు రోజులు చాలవు. చివరికి నాలుగు పాటలు, ఆరు ఉపన్యాసాలతో సభ ముగుస్తుంది.

దళిత కవిత్వాన్ని 1995లో 'చిక్కనవుతున్న పాట', దళిత స్త్రీల రచనలను 2003లో 'నల్లపొద్దు' పాఠకుల దగ్గరికి తీసుకెళ్లాయి. నాటకానికి పుస్తకం ఒక్కటే సరిపోదు. అచ్చయిన నాటకం సగం నాటకమే. దాన్ని ఆడేవాళ్ల దాకా చేర్చడానికి ఒక మనిషి కావాలి. ఆ పనినే మేము ఇక్కడ సిఫారసు అంటున్నాం. సిఫారసు అంటే పేరు చెప్పి పక్కకు తప్పుకోవడం కాదని, ఆడించే బాధ్యతలో పాలు పంచుకోవడమని మా అభిప్రాయం. ఏ నాటకం అన్నది ఎంత ముఖ్యమో, ఎవరికి ఇస్తున్నాం అన్నదీ అంతే ముఖ్యం.

ముందు మన రంగస్థలాన్ని గుర్తించాలి

ఉత్తర తెలంగాణలో రంగస్థలం ఆడిటోరియాలతో మొదలు కాలేదు. చిందు మాదిగల యక్షగానం తరతరాలుగా ఊరి నడుమ, వాడల్లో ఆడుతున్న నాటకమే. అందులో జాంబపురాణం మాదిగల పుట్టుకను, గౌరవాన్ని వాదించి నిలబెట్టే కథ. నిజామాబాద్ ప్రాంతానికి చెందిన చిందుల ఎల్లమ్మ (మరణం 2005) లాంటి స్త్రీలు ఈ కళలో ముందు నిలిచారు. జనగామ ప్రాంతపు చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. అయినా ఈ కళాకారులను సభ ముందు ఊరేగింపుకు పిలిచి, 'అసలు నాటకం' మాత్రం వేరేవాళ్లకు అప్పజెప్పే అలవాటు పోలేదు. సిఫారసు చేసేవాళ్లు మార్చగలిగిన మొదటి విషయం ఇదే.

ఆడదగ్గవి

బోయి భీమన్న (1911–2005) 'పాలేరు': జీతం ఉన్న దళిత కుర్రవాడు చదువుకొని అధికారి అయ్యే కథ. గురుకుల విద్యార్థులకు దగ్గరగా ఉంటుంది. భాష కోస్తాది. పాలేరును మన ఊళ్లలో జీతగాడంటారు కాబట్టి మాటలు మార్చుకోవాల్సి వస్తుంది. దానికి హక్కుదారుల అనుమతి కావాలి.

కొలకలూరి ఇనాక్ 'మునివాహనుడు': అంటరానివాడైన భక్తుడు తిరుప్పాణాళ్వారును ముని భుజాల మీద మోసి గుళ్లోకి తీసుకెళ్లాడన్న కథ ఆధారం. గుడి ప్రవేశం మీద చర్చ పెట్టాలనుకునే చోట ఇది పనికొస్తుంది.

ఎం.ఎం. వినోదిని 'దాహం': మంచినీళ్ల బావి చుట్టూ కులం ఎలా కాపలా కాస్తుందో చూపే నాటకం. స్త్రీ పాత్రకు బలముంది.

'మా భూమి' (1947, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు): తెలంగాణ రైతాంగ పోరాటం మీద ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. ఇప్పుడు ఆడితే, వెట్టి ఎవరి కులం మీద పడిందన్న ప్రశ్నతో చర్చ జోడించాలి.

ఆదిలాబాద్ వైపు మరాఠీ మాట్లాడే మహార్, మాంగ్ కుటుంబాలున్నాయి. మహారాష్ట్రలో 1950ల్లోనే ఔరంగాబాద్ మిలింద్ కళాశాలలో ఎం.బి. చిట్నీస్ 'యుగయాత్ర' ఆడారు. తర్వాత ప్రేమానంద్ గజ్వీ 'ఘోట్‌భర్ పాణీ', దత్తా భగత్ 'వాటా పళ్‌వాటా' వచ్చాయి. సరిహద్దు మండలాల్లో వీటిని మరాఠీలోనే ఆడవచ్చు. తమిళంలో కె.ఏ. గుణశేఖరన్ 'పలి ఆడుగళ్' ఉంది. ఇలాంటివాటికి తెలుగు అనువాదకులను వెతకడం కూడా సిఫారసులో భాగమే.

ఎవరికి ఏది

పరిషత్తు సమాజాలు: 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలయ్యాక పోటీ నాటకం తెలుగునాట పాతుకుపోయింది. గంట నిడివి నాటిక, తక్కువ పాత్రలు, ఒకే సెట్టు వీళ్లకు అనుకూలం. నటీమణులను డబ్బిచ్చి బయటి నుంచి పిలవాల్సి రావడంతో స్త్రీ పాత్రలు ఎక్కువున్న నాటకాన్ని కత్తిరిస్తారు. కత్తిరిస్తే ఏం పోతుందో ముందే చెప్పి ఇవ్వాలి.

చిందు మేళాలు: ఇక్కడ నాటకం కాగితంతో కాదు, చెవితో నేర్చుకుంటారు. కాబట్టి స్క్రిప్టు పంపి ఊరుకుంటే లాభం లేదు. మేళం పెద్దతో కూర్చొని కథ చెప్పాలి, దరువులకు, పాటకు వీలున్న చోట్లు చూపాలి, వాళ్లు మార్చమన్నది వినాలి. బయానా, దారి ఖర్చులు, రిహార్సల్ రోజుల కూలి ముందే మాట్లాడుకోవాలి. మన కళ మనమే ఉచితంగా అడిగితే ఎలా?

విద్యార్థులు: శాతవాహన విశ్వవిద్యాలయం, డిగ్రీ కాలేజీలు, గురుకులాల్లో నటులకు కొదవ లేదు, సమయానికే కొదవ. ఏప్రిల్ పరీక్షల నెల. సంక్రాంతికల్లా స్క్రిప్టు చేతిలో పెట్టాలి.

కళాజాత బృందాలు: ధూంధాం నుంచి వచ్చినవాళ్లకు పాట, డప్పు బలం. ఇరవై నిమిషాల వీధి నాటకం ఇవ్వండి. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి లాంటి సింగరేణి బస్తీల్లో షిఫ్టు దిగే వేళ చూసి ఆడాలి.

సిఫారసు కాగితంలో ఉండాల్సినవి

ఒక్క పేజీ చాలు. కథ ఐదు వాక్యాల్లో. నిడివి. స్త్రీ, పురుష పాత్రల సంఖ్య. సెట్టు, లైటింగ్ లేకుండా ఆడవచ్చా లేదా. భాష, యాస. రచయిత ఎవరు, హక్కులు ఎవరివి. కులం పేరుతో తిట్లు, దాడి దృశ్యాలు ఎక్కడున్నాయి: వాటిని ఎవరు పలుకుతారో, ఎవరి ముందు పలుకుతారో బృందమే కూర్చొని తేల్చుకోవాలి. చివరగా, ఈ నాటకంలో దళిత పాత్ర నిర్ణయం తీసుకుంటుందా, లేక జాలి కోసం మాత్రమే ఉందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు రాయలేకపోతే ఆ నాటకాన్ని సిఫారసు చేయకండి.

కొత్త రచయిత నాటకమైతే, సిఫారసుకు ముందు వాడలో పదిమందిని కూర్చోబెట్టి చదివి వినిపించాలి. ఎక్కడ నవ్వారు, ఎక్కడ ముచ్చట్లలో పడ్డారు, ఎక్కడ సప్పుడు చేయకుండా విన్నారు అన్నది రాసుకొని రచయితకు ఇవ్వాలి. మాకు తెలిసినంతలో ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు.

హక్కులు, అనుమతులు

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. అంటే భీమన్న రచనలకు 2065 చివరి దాకా. ఔత్సాహిక సంఘం టికెట్ లేకుండా ఆడే ప్రదర్శనకు సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది. విద్యాసంస్థలో సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు ఆడే నాటకానికీ అంతే. టికెట్ పెడితే అనుమతి తప్పనిసరి. మినహాయింపు ఉన్నా రచయితకు ఒక మాట చెప్పడం, కరపత్రంలో పేరు వేయడం మర్యాద. అనువాదమైతే అనువాదకుల పేరు కూడా వేయాలి.

నాటకాల నోరు నొక్కడానికి బ్రిటిష్ వాళ్లు తెచ్చిన 1876 నాటక ప్రదర్శనల చట్టాన్ని పార్లమెంటు రద్దు చేసింది. మైకుకు మాత్రం రాతపూర్వక అనుమతి కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టరాదు. తెల్లవార్లూ ఆడే చిందు భాగోతానికి ఇది నేరుగా తగిలే నిబంధన. దరఖాస్తు ముందే పెట్టాలి, లేదంటే మైకు లేకుండా, చుట్టూ జనం కూర్చునేలా ఆడాలి. అలా ఆడడం మేళాలకు కొత్తేమీ కాదు.

ప్రదర్శన అయ్యాక

కరీంనగర్ కళాభారతిలో ఆడినా, మాదిగ వాడలో వేపచెట్టు కింద ఆడినా, సిఫారసు చేసినవాళ్ల పని ఆ రాత్రితో అయిపోదు. ఎవరు ఆడారు, ఎంత ఖర్చయింది, ఏ సీను మార్చారు, చూసినవాళ్లు ఏమన్నారు అన్నది రెండు పేజీలు రాసి, స్క్రిప్టుతో కలిపి పక్క మండలానికి పంపండి. అప్పుడే రెండో బృందం మొదటి బృందం ఆగిన చోటు నుంచి మొదలుపెడుతుంది. వచ్చే ఏప్రిల్‌లో ఎవరైనా మంచి నాటకం ఉందా అని అడిగితే, పేరుతోపాటు స్క్రిప్టు, ఆడి చూసినవాళ్ల అనుభవం కూడా వాళ్ల చేతికి అందాలి.