రంగు కాదు, వరస ముఖ్యం

వేడిపటం అందామనుకున్నాను గానీ, అలా రాస్తే నాకే అర్థం కాలేదు :) మనందరం ఆఫీసులో హీట్ మ్యాపు అనే అంటాం కాబట్టి అలాగే కానిద్దాం.

కొన్నేళ్ళ క్రితం నా పని ఆన్‌లైన్ ప్రకటనలకి బిడ్లు పెంచి తగ్గించే స్క్రిప్టులు రాయడం. మా చిన్న క్లయింట్లలో హైదరాబాదులో ప్యాకర్స్ అండ్ మూవర్స్ నడిపే ఒక పెద్దాయన ఉండేవారు. సెప్టెంబరు నుంచీ ఆయనది ఒకటే మాట: "బాబూ, డబ్బులైతే పోతున్నాయి గానీ ఫోన్లు మోగట్లేదు". నేను రిపోర్టు తీసి చూసేవాణ్ణి. బడ్జెట్టు సరిగ్గా ఖర్చయింది, క్లిక్కులొచ్చాయి, లాగులో ఒక్క ఎర్రరూ లేదు. "అంతా బాగానే ఉందండీ" అని చెప్పేసేవాణ్ణి. ఇలా మూడు నెలలు.

కథ మిగతాది చివర్లో. ముందు కాస్త చరిత్ర.

హీట్ మ్యాపు కంప్యూటర్ల కాలంలో పుట్టిందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి 1873లోనే టూసాన్ లూవా అనే గణాంకవేత్త పారిస్ నగరంలోని 20 వార్డుల జనాభా వివరాలని ఒక గళ్ళ పట్టికలో రంగులేసి చూపించాడు. తక్కువకి తెలుపు, తర్వాత పసుపు, నీలం, బాగా ఎక్కువైతే ఎరుపు. 40 విడివిడి మ్యాపులు చెప్పే సంగతి ఒక్క కాగితం మీదకొచ్చింది.

అయితే అసలు కిటుకు రంగులో లేదు. 1899లో ఫ్లిండర్స్ పెట్రీ అనే పురావస్తు శాస్త్రవేత్త ఈజిప్టులో తవ్విన సుమారు 900 సమాధుల్లోని కుండల వివరాలని చీటీల మీద రాసుకుని, ఒకే రకం కుండలున్నవి పక్కపక్కకి వచ్చేలా జరుపుతూ పోయాడు. చీటీలు కుదురుకునేసరికి ఏ సమాధి ముందుదో ఏది తర్వాతదో బయటపడింది. తేదీ ఒక్కదాని మీదా రాసి లేదు. వరస మార్చడంతోనే కాలం కనిపించింది! 1967లో ఫ్రాన్సులో జాక్ బెర్టిన్ తన పుస్తకంలో ఈ పద్ధతికి సిద్ధాంతం కట్టాడు. అడ్డువరసలూ నిలువువరసలూ జరిపి చూస్తే తప్ప పట్టిక మాట్లాడదని ఆయన వాదన. 1998లో స్టాన్‌ఫర్డులో మైకేల్ ఐజెన్ బృందం జన్యువుల డేటాకి ఇదే పని కంప్యూటరు చేత చేయించింది. జీవశాస్త్రం పేపర్లలో కనిపించే ఎరుపు-ఆకుపచ్చ గళ్ళ బొమ్మలు అక్కణ్ణించి వ్యాపించినవే.

ప్రకటనల సంగతికొస్తే, 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ సైటులో తొలి బ్యానర్లు పెట్టినప్పుడు లెక్కలు మనిషి చూసుకునేవే. 2000 అక్టోబరులో గూగుల్ యాడ్‌వర్డ్స్ 350 మంది ప్రకటనదారులతో మొదలైంది. తర్వాత వేలంపాట, ఆ పైన వేలంపాట పాడే స్క్రిప్టులు. మనిషి చేతులోంచి పని జారిపోయింది. మిగిలింది రోజు చివరి మొత్తం ఒక్కటే. నన్ను ముంచిందీ ఆ మొత్తమే.

నవంబరులో ఒకరోజు విసుగొచ్చి మా క్యాంపెయిన్లన్నీ అడ్డువరసలుగా, భారతీయ కాలమానంలో 24 గంటలు నిలువువరసలుగా పెట్టి ఖర్చుకి రంగు వేశాను. పేర్లు అక్షరక్రమంలో ఉండటంతో చూడ్డానికి అతుకుల బొంతలా ఉంది. అప్పుడు పెట్రీ చేసిన పనే చేశాను. ఒకేలా ఉన్న వరసల్ని పక్కపక్కకి చేర్చాను.

రెండు గుంపులయ్యాయి. మన దేశపు క్లయింట్లు పగలు ఎర్రగా, అమెరికా వాళ్ళు రాత్రి ఎర్రగా. అమెరికా గుంపు నడిమధ్య, మా హైదరాబాదు పెద్దాయన!

ఆయన సెట్టింగుల్ని నేనొక అమెరికా క్లయింటువి కాపీ చేసి, టైమ్ జోను మార్చడం మర్చిపోయాను. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా బిడ్డు పెంచమని నేను రాస్తే, స్క్రిప్టు అక్షరాలా అదే చేసింది, కాకపోతే పసిఫిక్ కాలమానంలో. అంటే మనకి రాత్రి 9:30 నుంచి పొద్దున్న 6:30 వరకు. అనుమానం ఉంటే తీరిపోయేలా, నవంబరు మొదటి ఆదివారం తర్వాత ఆ ఎర్రపట్టీ సరిగ్గా గంట ఆలస్యంగా మొదలైంది. అక్కడ గడియారాలు మార్చుకుంటారు, మనం మార్చుకోం.

ఇక్కడొక జాగ్రత్త. హీట్ మ్యాపు ఎక్కడ అడగాలో చూపిస్తుంది, జవాబు చెప్పదు. 2014-16 మధ్య నడిచిన మెత్‌బాట్ మోసంలో బాట్లు మౌసు కదలికల్ని కూడా నటించాయి. అలాంటి దొంగ మనిషిలాగే రంగు పూసుకోగలడు. నా తప్పు నటించలేదు కాబట్టి దొరికింది.

పెద్దాయనకి ఫోన్ చేసి నిజం చెప్పాను. కంపెనీ ఆ డబ్బు తిరిగి జమ చేసింది. ఆయన కోప్పడలేదు. "ఇప్పుడు మోగుతుందిగా బాబూ" అన్నారంతే. అప్పటికే ఉన్న రెండు లారీల్లో ఒకటి అమ్మేశారని తర్వాత తెలిసింది. నా వల్లేనని చెప్పలేను, కాదనీ చెప్పలేను.

మీ డాష్‌బోర్డులో "అంతా బాగానే ఉంది" అని కనిపిస్తోందా? ఒక్కసారి వరస మార్చి చూడండి.